పదకొండో సంతకం

ఆటోనగర్లో బాజీ మేస్త్రి లేత్ దగ్గర
డిప్లొమా జేబులో పెట్టుకుని ఆరేళ్ళు పనిచేశాను.
రేకుల కింద మే నెల ఎలా ఉంటుందో
బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు.
అక్కడ డ్రాయింగ్ అంటే
లారీ డ్రైవరు సిగరెట్ పెట్టె మీద గీసిన గీత.
పొద్దున బుష్ అరిగి కుంటుతూ వచ్చిన బండి
దీపాలు పెట్టేవేళకి హైవే ఎక్కేది.
పోతూ పోతూ హారన్ కొట్టేవాడు.
సగం జీతం ఆ హారనే.
మిగతా సగం ఎప్పుడిస్తాడో
మేస్త్రికే తెలీదు.

ఇప్పుడు పెద్ద కంపెనీ.
కృష్ణ మీద వంతెన కడుతున్నాం. అంటే
కంపెనీ కడుతోంది,
నేను బేరింగుల కాగితాలు చూస్తాను.
ఒక్కోదానికి ఇరవై మూడు సంతకాలు.
నాది పదకొండోది.
పదో ఆయన్ని చూసి ఎరగను, చెన్నైలో ఉంటాడట.
పన్నెండోది పుష్పలీల, పక్క కంటైనర్లోనే కూర్చుంటుంది.
తను తుమ్మితే నాకు వినబడుతుంది;
ఫైలు మాత్రం హైదరాబాద్ చుట్టి వెళ్ళాలి.

ఒక బోల్టు రెండు మిల్లీమీటర్లు పెంచాలని రాశాను.
నలభై రోజులకి జవాబొచ్చింది,
"దయచేసి కారణం మరోసారి వివరించగలరు."
ఈలోగా నదికి వరదొచ్చి తీసింది కూడా.
బోల్టు మాత్రం అదే పొడుగు.

ఒకటో తారీకుని మాత్రం మాట అనకూడదు.
తెల్లారి ఐదున్నరకి ఫోను టింగుమంటుంది,
దమయంతి ఆ చప్పుడికే లేచి పాలు పెడుతుంది.
చిన్నోడికి డెంగీ వచ్చి
సూర్యారావుపేటలో తొమ్మిది రోజులుంటే
కార్డు చూపించాను, అంతే.
కౌంటర్లో అమ్మాయి నన్ను సార్ అంది.
ఆ మాట కోసం చేరలేదుగానీ
మాట బాగుంది.

బాజీ మేస్త్రికి కుడిచేతికి రెండు వేళ్ళు లేవు.
పోయినరోజు గుడ్డ చుట్టుకుని
తనే ఆటో ఎక్కి వెళ్ళాడు.
మర్నాడు ఎడమచేత్తో షట్టర్ లేపాడు.
ఇక్కడ హెల్మెట్ పట్టీ వదులైతే గేట్లోనే ఆపేస్తారు,
వారం వారం నిలబెట్టి అవే జాగ్రత్తలు చదువుతారు.
విసుగ్గా ఉంటుంది.
పది వేళ్ళతో విసుక్కుంటాను.

మొన్న ఆదివారం మేస్త్రిని బండెక్కించుకుని
కరకట్ట మీదికి తీసుకెళ్ళాను.
వంతెనని ఈ కొస నుంచి ఆ కొసకి
లుంగీ అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాడు.
"ఇందులో నీదేదిరా?"
పన్నెండో స్తంభం నెత్తిన, దూలం కిందన్నాను.
"కనబడదే?"
కనబడకూడదు మేస్త్రీ, కనబడితే ఏదో తేడా వచ్చినట్టే.
"ఎంత తేడా ఒప్పుకుంటారేంటి?"
అర మిల్లీమీటరు.
మూడు వేళ్ళు గాల్లో తిప్పి నవ్వాడు,
"నేనైతే పావు కూడా ఒప్పుకునేవాణ్ణి కాదు."
నిజమే, ఒప్పుకునేవాడు కాదు.
జీతంలోనే ఎంత తేడా అయినా ఒప్పుకోవాల్సి వచ్చేది.
అనలేదు. బజ్జీలు తిన్నాం.

వెనక కట్ట మీద ఏదో లారీ హారన్ కొట్టింది.
ఇద్దరం ఒక్కసారే తిరిగాం.

మాక్కాదు.
అడ్డంగా గేదె.