పర్సు గుండీ

కొషిత్సెలో ట్రాము
రోమా వాళ్ల వాడ దగ్గర ఆగగానే
అమ్మమ్మ పర్సు గుండీ టక్కుమనేది.
ఎవరెక్కారో తలెత్తి చూసేది కాదు.
వాళ్ల గురించి ఒక్క మాటా అనేది కాదు,
ఆదివారం ప్రార్థనకు తప్పేది కాదు,
నా చేతిలో గసగసాల రొట్టె పెట్టి
"పంచుకు తిను, లుద్మిలా" అనేది.

ముప్పై ఏళ్లకి, నా తరగతిలో,
దిద్దమని పుస్తకం పట్టుకుని
దెజిదెర్ నా బల్ల దగ్గరికి రాగానే
టక్కుమంది
నా సొరుగు.
ఎప్పుడు మూశానో నాకే తెలీదు.

వాడికి తెలుసు.
అడుగు దూరంలోనే ఆగిపోయాడు,
పుస్తకం చంకలో ఇరికించి
రెండు అరచేతులూ నాకు కనబడేలా తెరిచి.

దుకాణాల్లో ఎలా నిలబడాలో
వాడికీ ఇంట్లో ఎవరో నేర్పారు,
తల దువ్వుతూ,
ముద్దుగా.