వెంట్రుక వాసి

జడ వేయించుకోనని మారాం చేసే పిల్లని పట్టినట్టు
రెండు మోకాళ్ల మధ్య సిలిండర్‌ని బిగించింది విలెమీనా.
స్త్రాకోనిత్సెలో ఏప్రిల్‌కీ చలి వదల్లేదు.
షెడ్డు అవతల ఒతవా నది
కరిగిన మంచు మోసుకుంటూ పోతోంది, బరువుగా,
ఎవరికో అప్పు తీర్చడానికి వెళ్తున్నట్టు.

"ఇంకో అరమిల్లీ పైకి తీసెయ్యండి" అన్నాడు లుమీర్.
ఇరవై రెండేళ్లు వాడికి. బండికి వాడికంటే రెట్టింపు దాటింది.
ఆదివారం కొండ పందెం.
ఏడు వేల మీద అది గొంతు చించుకోవాలట.

"ఇనుము పులుసు కాదురా,
ఉప్పెక్కువైతే కాసిన్ని నీళ్లు పొయ్యడానికి.
తీసింది తీసిందే."

ఈ ఇంజనుకి కవాటాల్లేవు.
గోడలో కిటికీలు, కిటికీలకి తలుపులుండవు.
పైకీ కిందికీ తిరిగే పిస్టనే వాటికి తలుపూ, గడియా, కాపలావాడూ.
పొగ ఎప్పుడు గడప దాటాలో
కొత్త గాలి ఎప్పుడు లోపలికి రావాలో
అంతా ఆ అంచు చెప్పిన మాటే.
అంచు పైకి జరిపితే
శిఖరం దగ్గర కేక పుడుతుంది,
మలుపు దగ్గర ఊపిరి పోతుంది.
రెండూ కావాలంటాడు లుమీర్.
ఆ వయసులో ఎవరు అనరు?

కొవ్వొత్తి మసి వేలికద్ది లోపలి గోడంతా పూసింది,
కాగితం చుట్టి, అరచేత్తో అదిమి, మెల్లగా లాగింది.
బల్లమీద పరిస్తే
నల్లటి రాత్రిలో నాలుగు తెల్ల కిటికీలు.
ఎడమ పక్కది కుడిదానికంటే కాస్త జారి ఉంది,
నిద్ర సరిపోని కన్ను.
ముందు దాని సంగతి చూడాలి.

తర్వాత టార్చి పట్టుకుని
పొగ వెళ్లే దారి పైకప్పుకేసి చూసింది.
కిరోసిన్ గుడ్డతో మసి తుడిస్తే
కింద ఆకురాయి గీతలు.
కార్ఖానావి కావు. చేతివి.
అన్నీ ఎడమకి వాలి ఉన్నాయి.

ఈ ఊళ్లో పుర్రచేత్తో ఆకురాయి పట్టినవాడు ఒక్కడే,
ప్రయోగాల షెడ్డులో ఓట్మార్ హ్రూషా.
ఆమె అప్పుడు తనిఖీ బల్ల దగ్గర,
మెడలో గేజీ, చెవి మీద ఎర్ర పెన్సిల్.
అతను తెచ్చినవాటిలో మూడు వెనక్కి పంపింది.
కొలత దాటింది, కరిగించెయ్యండి, అని రాసి మరీ.
అతనేమీ అనలేదు. ఆ తర్వాత క్యాంటీన్‌లో
ఆమె కూర్చున్న బల్లకి రావడం మానేశాడు.

ఇది ఆ మూడింట్లో ఒకటేనా?
నంబరు అరిగిపోయింది.
తుప్పుని గోరుతో గీకి చూసింది, రెండుసార్లు.
చెప్పదు.

గీతలు మాత్రం చెబుతున్నాయి:
ఇంతవరకు వచ్చాడు, ఇక్కడ చెయ్యి నెమ్మదించింది,
ఇక్కడ ఆగాడు. ఆ పైన ఉన్నది
వెంట్రుక వాసి ఇనుము.
ఇంకెవరైనా దాన్నీ లాగేసేవాళ్లు. ఆమె కూడా, బహుశా.

సాయంత్రందాకా పనిచేసింది.
జారిన కన్నుని సరిచేసింది,
రింగు తట్టుకోకుండా అంచులన్నిటికీ నునుపు పెట్టింది,
పసిపిల్లకి గోళ్లు తీసినంత భయంగా.
పైకప్పుని ముట్టుకోలేదు.
"తీశారా?" అన్నాడు లుమీర్.
"తీశాను" అంది.
అబద్ధానికి గొంతు వణకలేదు,
అందుకు ఆమెకే ఆశ్చర్యం.

మూడో కిక్కుకి అంటుకుంది.
కాలిన ఆముదం వాసన వీధంతా కమ్మితే
ఎదురింటి జ్దిస్లావా కిటికీ మూసింది, తిట్టుకుంటూ.
బండి వంతెన దాటి, మలుపు తిరిగి,
చెవికందనంత దూరం పోయి, మళ్లీ వచ్చింది.
వాడి మొహం ఎర్రగా, కళ్లలో నీళ్లు, గాలికో దేనికో.
"చూశారా? అంతా ఆ అరమిల్లీలోనే ఉంది!"

"అవును" అంది విలెమీనా.

వాడు వెళ్లాక
ఆకురాయిని ఇత్తడి బ్రష్షుతో శుభ్రం చేసి
ఒకసారి ఎడమచేతిలోకి మార్చుకుని చూసింది.
ఇనుప ముక్క మీద నాలుగు సార్లు ఆడించింది.
రాలేదు.