మంచు మందం: నిల్

బల్లార్షా బొగ్గుబాయి వెనక
ఓబీ గుట్ట ఒకటుండేది. అదే మా రిసార్టు.
మే నెలలో నలభై ఏడు డిగ్రీలు.
లిఫ్టు లేదు, మోకాళ్లున్నాయి.
టికెట్ కౌంటరంటే వాచ్‌మన్ ఝాడే మామ:
బీడీకట్ట చేతిలో పడితే
మొహం అటు తిప్పుకుని కూర్చునేవాడు.

పలక, కన్వేయర్ బెల్టు ముక్క.
గోమాస ఓదెలన్న వర్క్‌షాపు తుక్కులోంచి కోసుకొచ్చాడు.
ముందు కొస పైకి లేవాలని
పొయ్యి సెగకు కాచి కాచి వంచాడు.
పాదాలు ఇరికించుకోను సైకిల్ ట్యూబు పట్టీలు.
రబ్బరు కాలిన ఆ వాసనకు
వదిన రెండ్రోజులు మాట్లాడలేదు.

ఆ ఆటను ఆయన చూసింది ఒక్కసారే,
చంద్రపూర్‌లో పళ్ల డాక్టరు గోడ మీది టీవీలో,
శబ్దం లేకుండా.
దవడ వాచి కూర్చున్న మనిషికి
తెల్లకొండ మీంచి ఎవరో అడ్డంగా నిలబడి
జెల్లచేపలా జారిపోవడం కనిపించిందట.
"పన్ను పీకింది సుత తెలువలే" అనేవాడు.

సంఘం పెట్టాం. ఏడుగురం.
చందా వారానికి ఐదు రూపాయలు, ఎవరూ ఇవ్వలేదు.
ఓదెలన్న అధ్యక్షుడు.
అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నేను కార్యదర్శి.
ఉపాధ్యక్ష పదవికి కవలలు కొట్టుకుంటే
వారానికొకరని తేల్చాం.
బ్లాస్టింగ్ వేళ జారరాదు, ఇదొక్కటే
అందరం పాటించిన నియమం.

మొదటి పాఠం పడటం.
"చేతులు ఆనిస్తే మణికట్టు ఇరుగుతది,
పిర్రల మీద పడుండ్రి,
దేవుడు గవి గందుకే ఇచ్చిండు."
రెండో పాఠం, ఏ కాలు ముందో తేల్చుకోవడం.
వెనక నుంచి చెప్పకుండా నెట్టేవాడు.
తూలినప్పుడు ఏ కాలు ముందుకు పడితే అదే నీది.
రజాక్‌ది కుడి. నాది ఎడమ.
మూడో పాఠం ఆయనకూ తెలియదు.

చలిదేశపు సమాఖ్యకు ఉత్తరం రాశాను,
మమ్మల్ని కలుపుకోమని.
వాళ్లు ఫారం పంపారు.
పోస్టాఫీసు గుమాస్తా చేత అర్థం చెప్పించుకుని
నీలం సిరాతో నింపాను:
ఏటవాళ్లు – ఒకటి.
సర్టిఫికెట్ ఉన్న శిక్షకులు – విచారణలో ఉంది.
మంచు మందం – నిల్.
మట్టి మందం – నూట ఇరవై అడుగులు,
ప్రతి షిఫ్టుకూ పెరుగును.

అబద్ధం కాదు.
నాన్న డంపరు తోలేవాడు.
బాయి అడుగు నుంచి మెలికలు తిరుగుతూ వచ్చి
గుట్ట అంచున తొట్టి ఎత్తితే
మా రిసార్టు ఇంకో జానెడు పెరిగేది.
ఆయన ఎంత లోతుకు దిగితే
మేమంత పైనుంచి జారేవాళ్లం.
ఒకసారి నన్ను చూశాడు.
ఇంజను ఆపలేదు, తిట్టలేదు,
హారను మాత్రం రెండుసార్లు కొట్టాడు.
అది "దిగు" అనో, "కానీ" అనో
ఇప్పటికీ తేలలేదు.

పదకొండు నెలలకు జవాబొచ్చింది.
మంచు లేనివారిని చేర్చుకునే వీలు లేదట, క్షమించాలట,
వచ్చే సీజన్ శుభాకాంక్షలట.
కవరులో ఒక స్టిక్కరు, నీలి మంచుపువ్వు.
ఏడుగురికి ఒక్కటి.
చాలా గొడవ తర్వాత
ఓదెలన్న టిఫిన్ డబ్బా మూతకంటించాం.
అది రోజూ ఆయనతో బాయిలోకి దిగి,
కూర మరకలతో పైకొచ్చేది.

ఆ వానాకాలం గుట్ట ఒక పక్క కుంగింది.
రాత్రిపూట. ఎవరూ లేరు.
తెల్లారి చూస్తే మేం రోజూ జారే దారి
నాలాలో పడి ఉంది.
కంచె వేశారు. సుబాబుల్ నాటారు.
ఝాడే మామను గేటు దగ్గరికి మార్చారు.
మా బెల్టు ముక్క ఒకటి
ఓదెలన్న వాకిట్లో కాళ్లు తుడుచుకునే పట్టా అయింది.

నిన్న కాగజ్‌నగర్ పోతూ
రైలు కిటికీలోంచి చూశాను.
గుట్ట పచ్చగా, ఎవరిదో అన్నట్టుంది.
పట్టాలు వంపు తిరిగాయి,
నిలబడ్డవాళ్లంతా రాడ్లు పట్టుకున్నారు.
నా చేతిలో చాయ్ కప్పు.
ఎడమకాలు దానంతటదే ముందుకు పడింది.