ఒక గొలుసు వెడల్పు

సుపీరియర్ సరస్సు మీద మంచు విరిగి
నేల మెత్తబడ్డాక వెళ్లాను, ఇనుప మేకు వెతకడానికి.
కొలతలవాణ్ణి నేను. ముప్పై ఏళ్లుగా ఈ కౌంటీలో
జనం పోట్లాడుకునే గీతలన్నీ
నా బూట్ల కింద నుంచే పోయాయి.
డిటెక్టర్ కూసింది. జానెడు తవ్వితే దొరికింది,
తుప్పు పట్టి, పాలపన్నులా కదులుతూ.

గని నడిచిన రోజుల్లో కంపెనీ కోసి అమ్మిన స్థలాలివి.
వెడల్పు అరవై ఆరు అడుగులు, అంటే ఒక గొలుసు.
పొడవు రెండున్నర గొలుసులు.
లెక్క కడితే సరిగ్గా పాతిక సెంట్లు.
గనివాడికి అంతకన్నా ఎందుకనుకున్నారేమో,
పగలంతా భూమి లోపలే ఉంటాడు కదా.

తర్వాత నిబంధన వచ్చింది: ఇల్లు కట్టాలంటే ఎకరం.
తప్పనను. బావికీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య
చాలినంత దూరం లేకపోతే ఏమవుతుందో
తాగి చూసినవాణ్ణి.
పాత చిన్న స్థలాలకు మాత్రం మినహాయింపు.
పుట్టుకతో పొట్టివాణ్ణి ఏం చేస్తారు, బతకనిస్తారు.
కానీ ఒక మెలిక:
పక్కపక్కనున్న రెండు పొట్టి స్థలాలు
ఒకే చేతికి వస్తే
ఆ క్షణమే అవి ఒకటి. మళ్లీ విడదీయకూడదు.

కల్లియో అన్నదమ్ములకు అది ఎప్పటికీ వర్తించదనుకున్నాం.
తౌనో, ఆర్వో. ఇరవై ఆరేళ్లు మాటల్లేవు.
గీత మీదే నాన్న కట్టిన ఆవిరిగది, సౌనా,
సగం ఇతనిది, సగం అతనిది.
శనివారం ఆరింటికి తౌనో. ఎనిమిదింటికి ఆర్వో.
గొడవకి కారణం పొయ్యి అంటారు కొందరు,
పడవ మోటారు అంటారు ఇంకొందరు.
నాకు తెలిసింది ఒకటే:
తౌనో బయటికొచ్చే ముందు
పొయ్యిలో రెండు మొద్దులు వేసి వచ్చేవాడు.

మొన్న చలికాలం ఆర్వో ఆసుపత్రిలో ఉండగా
మంచు బరువుకి అతనింటి కప్పు కూలింది.
మార్చిలో మనిషే పోయాడు.
వీలునామా విప్పితే ఒకే వాక్యం:
స్థలం మా అన్నకి.

వారం రోజులు ఆ కాగితం మడిచి
టోపీలో పెట్టుకుని తిరిగాడు తౌనో.
తర్వాత ఆర్వో మనవరాలు మారెట్‌ని పిలిచాడు.
దుంగల ట్రక్కు నడుపుతుంది, అద్దె గదిలో ఉంటుంది.
"అది నీదే. రెండు గదులు వేసుకో."

అక్కడే చట్టం నోరు తెరిచింది.
టౌన్‌షిప్ హాల్లో, కాఫీ పాత్ర గురగురల మధ్య,
అధ్యక్షురాలు జెనీవా బక్లండ్ నిబంధన చదివింది,
రెండుసార్లు, రెండోసారి గొంతు తగ్గించి.
ఆర్వో నేరుగా పిల్లకే రాసి ఉంటే ఇబ్బంది లేదు.
చివరిదాకా అలిగే ఉన్నా ఇబ్బంది లేదు.
పంతం నిలబెట్టిన హద్దును
మంచితనం చెరిపేసింది.
ఇవ్వమని ఇద్దరు, వద్దని ముగ్గురు చేతులెత్తారు.
ఆ ముగ్గురిలో ఒకడు ఆర్వో శవపేటిక మోసినవాడు.

తౌనో వాదించలేదు.
"అయితే ఇప్పుడు మేమిద్దరం ఒకటా?" అన్నాడు.
"రికార్డుల్లో" అంది జెనీవా.

పటం మార్చే పని నాకే పడింది.
నిండు గీత తీసేసి చుక్కల గీత వేశాను.
మేకు పీకనా అని అడిగితే
అరచేత్తో మట్టి కప్పి
"ఉండనీ, అదేమన్నా తిండి అడుగుతోందా" అన్నాడు.

మారెట్ తౌనో ఇంటి వెనక గదిలోకి మారింది.
శనివారం సంతకాల కోసం వెళ్లాను. ఎనిమిది కావస్తోంది.
ఆవిరిగది గుమ్మంలో, తడి జుట్టుతో,
చేతిలో రెండు బర్చి మొద్దులతో
వేయాలో వద్దో తేలక నిలబడ్డాడు.
నన్ను చూసి, టైమెంతైందని అడిగాడు.