గొర్రెల కొట్టం మీది దీపం

కాఫీ చల్లారిపోతోంది, తాగండి.
రేక్యవీక్ నుంచి ఇంత దూరం వచ్చారు,
మీ బూట్ల మంచు కరిగి నా నేలంతా తడి.
ఫరవాలేదు. రాసుకోండి.

మా తీరం ఓ చాచిన చెయ్యి.
వేళ్లన్నీ కొండలు, వేళ్ల సందుల్లో సముద్రం.
దక్షిణం నుంచి ఎగిరొచ్చేవాడు సందులు లెక్కపెట్టుకోవాలి:
ఒకటి, రెండు, మూడోది మా గ్రౌవీక్,
నాలుగోది స్కెల్వీక్.
అక్కడ గులకరాళ్ల మీద విమానం దిగుతుంది.
ఇక్కడ గొర్రెలు దిగుతాయి.
పైనుంచి చూస్తే ఆ తేడా కూడా ఉండదు.

మ్యాపు మీరే చూపించారు.
మడిచి మడిచి జేబులో పెట్టుకున్నది,
మడత దగ్గర అరిగి తెల్లబడింది.
మా ఊరు ఆ తెలుపులోకి పోయింది.
పెన్సిలు గీత మాత్రం ఎంత నిటారుగా ఉందో!
స్కేలు పెట్టి గీసే కుర్రాడు,
ఎల్డ్యార్న్, ఇరవై ఆరేళ్లు.
కాగితం మీద మూడు సందులే మిగిలాయి,
అతను మూడు లెక్కపెట్టాడు.

'నావిగేషన్‌లో పొరపాటు' అని మీరు రాసింది
ఇటునుంచి తలకిందులుగా కనబడుతోంది.
కాదనను.
యాభై ఏళ్లుగా కొండ దిగే గొర్రెల్ని లెక్కపెడుతున్నదాన్ని,
నాకూ ఒకటి తగ్గుతుంది, ఒకటి పెరుగుతుంది.
మళ్లీ మొదలుపెడతాను.
గొర్రెలు కదలకుండా నిలబడతాయి.
కొండా అంతే, కదలదు.
అదే చిక్కు.

నవంబరు. రెండున్నరకే మసక.
మంచు అడ్డంగా కొడుతోంది.
ఇంజను మోత వినబడింది,
అద్దం మీద దారి వెతుక్కునే ఈగ మాదిరి
పైకీ కిందికీ, పైకీ కిందికీ.
పాపం, అనుకున్నాను.
పాపం అనుకుని ఊరుకోవచ్చుగా.
జనరేటరు తిప్పి
కొట్టం కప్పు మీది దీపం వెలిగించాను.
మా ఆయన బ్రాండుర్ పోయే ఏడు బిగించిన దీపం.
ఈ చుట్టుపక్కల ముప్పై కిలోమీటర్లలో
అదొకటీ, స్కెల్వీక్‌లో ఓడ్డుర్ వెలిగించేదొకటీ.
మోత ఓ క్షణం ఆలోచించినట్టయింది.
ఆ తర్వాత నిబ్బరంగా,
ఇంటిదారి పట్టిన మనిషి నడకలా
లోయలోకి పోయింది.
మా లోయకు అవతలి గుమ్మం లేదు.

ఇది మీరు రాయలేదు. రాయండి.

స్లెడ్జి లాక్కుంటూ రెండు గంటలు ఎక్కాను.
మంత్రసాని సాల్‌వోర్ అప్పటికే లేదు.
ఒళ్లో సంచీ, సంచీ మీద రెండు చేతులూ.
స్కెల్వీక్‌లో ఆ రాత్రి
ఆవిడ కోసం చూసి చూసి బిడ్డే పుట్టేసింది. ఆడపిల్లట.
టపా సంచీ చినిగింది.
బ్యాంకు కాగితాలూ పెళ్లి పిలుపులూ
మంచులో ఏది ఏదో తెలీలేదు.
అతను కళ్లు తెరిచే ఉన్నాడు.
'దీపం కనబడింది,' అన్నాడు.
'స్కెల్వీకే కదా ఇది?'

నేను అబద్ధమాడే మనిషిని కాను, ఎవర్నైనా అడగండి.
'అవును' అన్నాను.
'ఓడ్డుర్ వస్తున్నాడు. సరిగ్గానే వచ్చావు.'
అతను పక్క సీటు వైపు తల తిప్పి
'చెప్పానుగా' అన్నాడు, సాల్‌వోర్‌తో.

ఆ తర్వాత మంచు చాలాసేపు కురిసింది.

ఇది మాత్రం రాస్తారో మానేస్తారో మీ ఇష్టం.
ఇప్పుడు కొట్టంలోకి చీకట్లోనే వెళ్తున్నాను.
తడి ఉన్ని మీద చెయ్యి వేసి లెక్కపెడతాను.
ఒకటి. రెండు.
మూడు దగ్గర చెయ్యి కాసేపు ఆగుతుంది,
గొర్రె ఏమీ అనుకోదు.

అప్పుడే లేచారా?
రోడ్డెక్కాక వంతెనలు వస్తాయి, అన్నీ ఒక్కలాగే ఉంటాయి.
లెక్కపెట్టుకోకండి.
ఉండండి, శాలువా తెచ్చుకుంటాను.
మలుపు దాకా నేనే వస్తాను.