ఒక్క ఫోల్డర్ ఇస్తే చాలు

మిర్యాలగూడ. కోతల కాలం. రాత్రి పదకొండు.
కాంటా మీద లారీ, లారీ మీద వడ్లు,
వడ్ల మీద ఇంకా ఆరని పచ్చి వాసన.
మట్టయ్య మౌస్‌ను బల్లకేసి కొడుతుండు:
"మిషిను నాది. కరెంటు బిల్లు నాది.
నా ఫోల్డర్ల నా తూకం చీటీ పెట్టనీకి
అనుమతి లేదంటదేంది బిడ్డా, నీ సాఫ్ట్‌వేరు?"

తెర మీద ఎర్రగా ఒకటే వాక్యం.
రాసింది నేనే.
రాసినప్పుడు ఇంత మొరటుగ వినపడలే.

ఎట్ల చెప్పాలె?
నేను రాసింది ఈ మిషిన్లనే ఉంటది గాని
మిషినంత దానికి కనపడదు.
దానికొక అర్ర, ఆ అర్రల దాని సామాను.
బయటేమున్నదో తెలువదు,
తొంగిచూడనీకి కిటికీ గూడ లేదు.
నువ్వు ఒక ఫైలు అందిస్తే
అదొక్కటే దాని లోకం.

"ఇవన్నెందుకు, మొత్తం తెరిచెయ్యరాదు,"
క్యాబిన్ల కెల్లి లారీ డ్రైవరు.
నిజమే. ఒక్క వరుస మారిస్తే అయిపాయె.
హోమ్ మొత్తం: చదువు, రాయి, తుడిచెయ్.
హాలియా ఆఖరి బస్సు అందుకుంట.

చెయ్యి కీబోర్డు మీదికి పోయింది గూడ.
అప్పుడు కనపడ్డది మట్టయ్య డెస్క్‌టాప్:
రైతుల ఆధార్ కాపీలు,
సేటు రెండో లెక్క,
"సునంద కిడ్నీ స్కాన్" అని ఒక ఫోల్డరు,
దాని పక్కనే "సునంద కొత్త స్కాన్".
తూకానికి వీటితోని ఏం పని?

ఇసొంటి మిల్లులనే మా అమ్మ సూరమ్మ
పదకొండేండ్లు నూకలు చెరిగింది.
పొద్దుగూకినంక గేటు కాడ కొంగు దులిపి చూపాలె,
సద్ది గిన్నె బోర్లించి చూపాలె.
ఒక్క గింజ రాలలే ఎన్నడు.
రాలలేదని ఎవరూ రాసిపెట్టుకోలే.
తెల్లారితే మల్ల అదే గేటు, అదే దులుపుడు.

ఇయ్యాల నా ప్రోగ్రాము గేటు కాడ నిలవడ్డది.
అమ్మను వాళ్లు అనుమానించిండ్రు.
దీన్ని అనుమానించుమని నేనే రాసిన.
రెండూ ఒకటి కాదని తెలుసు,
అయినా ఆ ఎర్ర వాక్యం చూస్తే
చెవుల కొంగు దులిపిన చప్పుడు.

ముందుగల్ల వాక్యం మార్చిన.
"అనుమతి లేదు" తీసేసి
"తూకాలు ఎక్కడ దాచాలో మీరే చూపండి" అని పెట్టిన.
కింద ఒక బటన్.

మట్టయ్య నొక్కిండు.
కిటికీ తెరుచుకున్నది. అది నాది కాదు, మిషినుది.
అండ్ల మట్టయ్య ఏమేం చూస్తుండో
నా ప్రోగ్రాముకు తెలువదు.
సునందను దాటిండు. సేటు లెక్కను దాటిండు.
"వానాకాలం వడ్లు" మీద ఆగిండు.
అదొక్కటి ఇచ్చిండు,
బస్తా మూతి విప్పకుంట
ఇనుప గొట్టం గుచ్చి
గుప్పెడు గింజలు తీసినట్టు.

ఆ ఫోల్డరు గుర్తు దాచిపెట్టిన,
లారీ లారీకి మల్ల అడగొద్దు గదా.
చీటీ అచ్చయింది. లారీ కదిలింది.
బస్సు ఎప్పుడో పోయింది.

ఏప్రిల్ల ఫోను.
"బిడ్డా, మల్ల అడ్డం పడ్డది."
ఏం చేసినవ్?
"ఏం చేయలే. యాసంగి వడ్లు దిగుతున్నయ్,
ఫోల్డరు పేరు మార్చిన."

నేను దాచిన గుర్తు వానాకాలం ఇల్లు వెతుక్కుంట తిరుగుతున్నది.
ఇల్లు ఆడనే ఉన్నది, పేరే యాసంగి.
కాల్వ కింద పుట్టి, వరి మళ్లల్ల పెరిగి,
పంట మారుతదన్న సంగతి
నేనే మరిచిన.

"ఒక్కసారి మల్ల చూపు మట్టయ్యా."
ఫోన్ల హారను. క్లిక్కు. ఇంకో క్లిక్కు.
జరసేపు ఏం లేదు.
"దీనికి ఇచ్చింది ఎనక్కి తీస్కోవాలంటే ఎట్ల?"
"తీస్కుంటవా?"
"తీస్కోను. ఎట్లనో ఎరికుండాలె గదా."

ఆ బటన్ నేను రాయనే లేదు.