గట్టు తెగాక

మినాస్ కొండల్లో మూడోరోజు వానకి
జురాందీర్ పెంపకపు చెరువు గట్టు తెగింది.
తెల్లారేసరికి వాగునిండా
ఎర్రగా, పచ్చగా
గాజుముక్కలు ఈదుతున్నాయి.

"పగడం జన్యువు చేపలో పెట్టింది నేనా?
కొనుక్కుని పెంచానంతే" అంటాడతను.
"దేవుడు మరిచిపోయిన రంగు కాదది,
వద్దనుకున్న రంగు"
దోనా ఎయుజేబియా మూతి విరిచింది.
యూనివర్సిటీ పిల్ల ఇయారా మాత్రం
మోకాలిలోతు నీళ్లలో
తిట్టుకుంటూ లెక్కపెడుతూ
ముప్పై ఏడు దగ్గర ఆగి
"ఎంత బాగున్నావే" అంది,
ఎవరూ వినలేదనుకుని.

విన్నాను.
వలలో చిక్కినదాన్ని దోసిట్లోకి తీసుకున్నాను.
చల్లగానే ఉంది, అన్ని చేపల్లాగే
నోరు తెరుస్తూ, మూస్తూ.

అవతలి ఒడ్డున కొంగ.
దానికిప్పుడు దూరం నుంచే కనిపిస్తున్నాయి.
దానికి ఏ అభిప్రాయమూ లేదు,
ఆకలి తప్ప.